‘గీతాంజలి’ చూసినప్పుడల్లా కన్నీళ్లు ఎందుకు వస్తాయి?

మీరు ఉత్తరంలో అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. ‘గీతాంజలి’ కథ మొదటి నుంచి చివరి దాకా తెలిసినా చూసినప్పుడల్లా ఏడుపు ఎందుకు వస్తోంది? ఈ మధ్య చూసిన ప్రేమకథల్లో పాత్రలు వెక్కివెక్కి ఏడుస్తున్నా మీ కళ్లు ఎందుకు చెమర్చడం లేదు? ఇదంతా ఇళయరాజా సంగీతం చేసే మాయ అని, ఆ సినిమా చూసి ఏడవని మీ మిత్రుడు అంటున్న మాట నిజమేనా?

మూడోదానికి ముందు జవాబు చెప్పేస్తాను. నేను చాలా ఏళ్లు ఎడిటింగ్ గదుల్లో పనిచేశాను. సంగీతం చేరని సినిమాను పదేపదే చూడటం మా ఉద్యోగంలో భాగం. నేపథ్య సంగీతం చేర్చే రీరికార్డింగ్‌కు వెళ్లకముందు, ఉత్త మాటలతో నడిచే కాపీలో పండని సీను తర్వాత వయొలిన్లు చేరాక పండటం చాలా అరుదు. ఉన్న భావాన్ని సంగీతం పదింతలు చేయగలదు, లేని భావాన్ని పుట్టించలేదు. లేనిచోట పుట్టించాలని చూస్తే ఏమవుతుందో మీరు చెప్పిన ఆ కొత్త సినిమాల్లోనే చూశారు: తెర మీద వాన, వాయిద్యాల హోరు, హీరో మోకాళ్ల మీద కూలబడటం, మీ చేయి మాత్రం పాప్‌కార్న్ డబ్బాలో.

ఇక అసలు విషయం. ప్రేమకథలో మనల్ని ఏడిపించేది పాత్రల దుఃఖమని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో ఏడిపించేది వాళ్ల ఆశ. ఈ సంగతి కొత్తదేమీ కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో శోకాన్ని చెప్పే కరుణ రసానికీ, ఎడబాటులోని ప్రేమను చెప్పే విప్రలంభ శృంగారానికీ గీత గీస్తూ కరుణ నిరపేక్షమనీ (ఆశ లేనిదనీ) విప్రలంభం సాపేక్షమనీ (ఆశ ఉన్నదనీ) అన్నాడు. మనిషి ఇక తిరిగి రాడని తేలిపోయాక కలిగేది మొదటిది. వస్తాడేమో అన్న ఎదురుచూపు ఏ మూలనో మిగిలి ఉన్నంతసేపూ నడిచేది రెండోది. పైకి చూస్తే రెండింటి లక్షణాలూ ఒకటే: నిట్టూర్పులు, కన్నీళ్లు, నిద్ర పట్టకపోవడం, చిక్కిపోవడం. తేడా అంతా లోపల ఆశ తెగిందా లేదా అన్నదాంట్లోనే ఉంది. మంచి ప్రేమకథ ఆ ఆశను తెగనివ్వకుండా, దానికో గడువు పెట్టి, ఆ గడువును మన కళ్లముందు కరిగిస్తుంది. పేలవమైన ప్రేమకథ ఇంటర్వెల్ దగ్గరే ఆశను తెంపేసి మిగతా గంటసేపూ శోకాలు పెట్టిస్తుంది. మనం చేయవలసిన ఏడుపు పని నటులే చేసేస్తుంటే మనకు మిగిలేది ఏముంటుంది?

‘గీతాంజలి’ని ఈ దృష్టితో చూడండి. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా ఇది, 1989 మే నెలలో విడుదలైంది. కథ చెప్పమంటే రెండు వాక్యాల్లో అయిపోతుంది. క్యాన్సర్‌తో ఎక్కువ కాలం బతకడని తేలిన కుర్రవాడు మిగిలిన రోజులు గడపడానికి ఊటీ వెళ్తాడు, అక్కడ గుండెజబ్బుతో తనకూ ఎక్కువ రోజులు లేవని తెలిసిన అమ్మాయి తారసపడుతుంది. చావబోయే ఇద్దరి ప్రేమ. ఇలా చెబితే కాగితం మీద ఇంతకంటే ముతక కథ ఉండదు. ఈ కథ పట్టుకుని వచ్చిన కుర్రవాణ్ని ఏ నిర్మాతైనా ‘ఇద్దరికీ రోగాలా, బాబూ?’ అని పంపించేస్తాడు. తీరా సినిమాకు వచ్చిన జాతీయ పురస్కారం ఏమిటో తెలుసా? ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం! ఎవరైనా వేళాకోళంగా ఇచ్చారా అనిపిస్తుంది గాని, ఆలోచిస్తే ఆ మాటలు సినిమాకు సరిగ్గా సరిపోతాయి.

ఆ సినిమా బలం కథలో లేదు. ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తుందన్న వరుసలో ఉంది. ముందు హీరో ప్రకాశ్ జబ్బు అతనికీ మనకూ తెలుస్తుంది. ఊరంతా తిరుగుతూ అందరినీ ఆటపట్టించే హీరోయిన్ గీతాంజలికి అది తెలియదు. తర్వాత ఆమె జబ్బు సంగతి అతనికి తెలుస్తుంది. అక్కడి నుంచి కథలో రెండు గడువులూ తెలిసినవాళ్లు ఇద్దరే: ప్రకాశ్, ప్రేక్షకుడు. ఆమెకు తెలిసింది తన గడువు ఒక్కటే, దానితో ఎప్పుడో రాజీపడిపోయింది కూడా. అందరూ పోయేవాళ్లే, నేను నాలుగు రోజులు ముందు పోతాను, అంతే కదా అన్న ధోరణి ఆమెది. అందుకే అంత అల్లరి. రేపటితో పని లేనివాళ్లకు భయం ఉండదు.

మూడో మెట్టు మీద సినిమా మొత్తం తిరగబడుతుంది. ప్రకాశ్ కూడా చావబోతున్నాడని ఆమెకు తెలిసిపోతుంది. తన చావును పూచికపుల్లలా తీసిపారేసిన పిల్ల అతని చావు మాట తట్టుకోలేక అతన్ని వెళ్లిపొమ్మంటుంది. మీరు ఎక్కడ ఏడుస్తారో రాయలేదు గాని, చాలామంది ఏడ్చేది ఇక్కడే. గమనించారా, ఆ సమయంలో ఎవరూ చనిపోవడం లేదు. జరిగిందల్లా ఒక్కటే: అప్పటిదాకా రేపు అక్కరలేదనుకున్న మనిషికి మొదటిసారి రేపు కావలసి వచ్చింది. ఆశ పుట్టింది, దాని వెంటే భయం పుట్టింది. చావు వార్తతో రాని ఏడుపు బతకాలన్న కోరికతో వచ్చింది. శాస్త్రం ప్రకారం కరుణ రసంలోకి దిగిపోవలసిన కథను సినిమా అంతా విప్రలంభంలోనే నిలబెట్టి, చివరికి ఇద్దరూ బతికి ఉండగానే మన చేతిలో పెట్టి వెళ్లిపోతాడు దర్శకుడు. వాళ్లు ఇంకెన్నాళ్లు ఉంటారో చెప్పడు. ఆ లెక్క ఇంటికి వెళ్లేదాకా మనం వేసుకుంటూనే ఉంటాం.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఈ వరుసలోనే దొరుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు గీతాంజలి అల్లరికి మీరు నవ్వి ఉంటారు. రెండోసారి అదే అల్లరి దగ్గర గొంతు పట్టేసి ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు మొదటి రీలు నుంచే మీకు అన్నీ తెలుసు. ముగింపు తెలియడం వల్ల ఈ సినిమాలో నష్టం లేదు, సగం సినిమాకు కొత్త అర్థం వస్తుంది. అసలు మన ప్రేక్షకులు ముగింపు తెలియదని ఎప్పుడు నాటకానికి వెళ్లారు? ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి మెడ మీద కత్తి పడదని తెలియనివాడు మన ఊళ్లలో ఎవరున్నారు? అయినా కాటి సీనులో పద్యానికి వన్స్ మోర్ కొట్టి, మళ్లీ పాడించుకుని, మళ్లీ ఏడ్చారు. ‘ముగింపు చెప్పేయకండి’ అన్న గోల అపరాధ పరిశోధన కథలకు సరిపోతుంది. ప్రేమకథకు దాని అవసరం అంతంతమాత్రం.

సంగీతానికి ఇందులో వాటా ఏమీ లేదని నేను అనడం లేదు, మీ మిత్రుడు ఇది చదివి విజయం అనుకోకూడదు, ఓటమీ అనుకోకూడదు. ‘ఓం నమః’ పాటను మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. తాళంలో గుండె చప్పుడు వినిపిస్తుంది. గుండెజబ్బున్న అమ్మాయి ప్రేమపాటకు గుండె చప్పుడునే లయగా పెట్టాడు ఇళయరాజా. వేటూరి సాహిత్యం, బాలసుబ్రహ్మణ్యం, జానకి గొంతులు శృంగారంలో తేలుతూ ఉంటాయి, కింద ఆ చప్పుడు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. నేను పైన చెప్పిన గడువు పాటలోకే వచ్చి కూర్చుంది. ఒక్క మాట విషాదం లేకుండా విషాదం చెప్పడమంటే ఇదీ. ఈ ఆలోచన కథలోంచి వచ్చింది కాబట్టి పనిచేసింది. ఇదే గుండె చప్పుడును ఇంకో సినిమా పాటలో అతికిస్తే వట్టి శబ్దవిన్యాసంగా మిగిలిపోతుంది.

పి.సి. శ్రీరామ్ కెమెరా గురించి అందరూ మంచు, పొగ, వెనకనుంచి పడే వెలుగు అని మెచ్చుకుంటారు. నిజమే, ఊటీని అంత అందంగా చూపించిన తెలుగు సినిమా అప్పటికి లేదు. నాకు మాత్రం ఆ వెలుతురు ముఖాలను పూర్తిగా చూపించకపోవడం ముఖ్యం. సగం నీడలో ఉన్న ముఖం మీద కన్నీరు కనబడదు. కనబడని కన్నీటిని మనమే ఊహించుకుంటాం, ఊహించుకున్నది మనదవుతుంది.

ప్రకాశ్‌గా వేసిన నాగార్జున సంగతి కూడా చెప్పాలి. 1986లో హీరోగా వచ్చాడు, ఈ సినిమా నాటికి మూడేళ్ల అనుభవం. ఇందులో అతను పెద్దగా ఏమీ చేయడనే మాట అప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. చేయకపోవడమే అక్కడ కావలసింది. దాదాపు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్నే ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే, ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయన్నారు జనం. ముఖం మాత్రం మారలేదు. ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాడికీ మొదట చెప్పే పాఠం ఇది. మనకు దీనికి దూరం వెళ్లే పని కూడా లేదు. మేలో ‘గీతాంజలి’ వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో ‘శివ’ వచ్చింది. దాదాపు అదే నిబ్బరమైన ముఖం. ఒకదాంట్లో దుఃఖం దిగమింగుకుంటున్నాడని చదువుకున్నాం, ఇంకోదాంట్లో కోపం అణచుకుంటున్నాడని చదువుకున్నాం. పక్క షాట్లు చెప్పిన మాట అది.

గీతాంజలి పాత్రలో మీరు ప్రేమించినది సగం గొంతును. తెర మీద ఉన్నది గిరిజ, గొంతు నటి రోహిణిది. ఆ చిలిపితనం, మాట మధ్యలో ఆగి నవ్వేయడం, పెద్దమనిషి తరహా కబుర్లు చెబుతూ చటుక్కున చిన్నపిల్ల అయిపోవడం, ఇవన్నీ డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు పుట్టినవి. మన సినిమాల్లో డబ్బింగ్ కళాకారులకు దక్కవలసిన పేరు ఎప్పుడూ దక్కలేదు. ప్రేమకథల్లో మాత్రం వాళ్ల వాటా హీరోయిన్ వాటాకు తక్కువేమీ కాదు.

ఆశ, గడువు అన్న ఈ లెక్క మరో మంచి సినిమాకు సరిపోతుందా అంటే 1978 నాటి ‘మరోచరిత్ర’ చూడండి. కె. బాలచందర్ దర్శకత్వం, విశాఖ తీరం, రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో పట్టుబట్టి నలుపు తెలుపులో తీశాడు. తమిళ కుర్రవాడు బాలు, తెలుగమ్మాయి స్వప్న, పక్కపక్క ఇళ్లు, ఒకరి భాష ఒకరికి రాదు, పెద్దలకు ఒకరంటే ఒకరికి పడదు. ఇంతవరకూ మామూలు కథే. బాలచందర్ గొప్పతనం పెద్దలు పెట్టిన షరతులో ఉంది: ఏడాదిపాటు కలవకూడదు, మాట్లాడుకోకూడదు, ఆ తర్వాతా ఇదే ప్రేమ ఉంటే పెళ్లి చేస్తాం. కాదు పొమ్మనడం కంటే ఇది ఎంత క్రూరమో చూడండి! కాదంటే ఎదిరించవచ్చు, పారిపోవచ్చు. ఏడాది ఆగమంటే ఆగాలి.

ఈ ఏడాది గడువు ఎక్కడో విన్నట్టు లేదూ? కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడికి పడిన శాపమూ ఏడాదే. అందులో ఎనిమిది నెలలు గడిచిపోయి, ఇంకా నాలుగు నెలలుండగా కావ్యం మొదలవుతుంది. శాపం తీరుతుందని యక్షుడికి తెలుసు, అయినా నాలుగు నెలలు ఓపిక పట్టలేక మేఘాన్ని బతిమాలుకుంటాడు. శాశ్వత వియోగం అయి ఉంటే ఆ కావ్యమే లేదు. బాలచందర్‌కు ఆ పోలిక మనసులో ఉందని నేను అనడం లేదు, మంచి కథకులకు తోవలు అలా కలుస్తాయి.

తల్లి కాల్చేసిన బాలు ఫొటో బూడిదను కలుపుకుని స్వప్న తాగేసే సీను ఒక్కటి చాలు. సరిత మొదటి సినిమాలోనే అంత మొండితనం ఎలా పలికించిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్కడా ఆమె ఏడవదు, ఏడ్చేది మనం. ఈ సినిమా డబ్బింగ్ కూడా చేయకుండా మద్రాసు సఫైర్ థియేటర్లో తెలుగులోనే 596 రోజులు ఆడింది. భాష పూర్తిగా అర్థం కాని అరవవాళ్లు ఏడాదిన్నరకు పైగా చూశారన్నమాట. ఎదురుచూపుకు సబ్‌టైటిల్స్ అక్కరలేదు.

అయితే ‘మరోచరిత్ర’ ముగింపు నాకు నచ్చదు. ఇది చదివేవాళ్లలో చాలామందికి కోపం వస్తుందని తెలుసు. గడువు తీరి, కలుసుకోవడానికి అడుగు దూరంలో ఉండగా ఇద్దరి మీదా దౌర్జన్యం జరగడం, చివరికి ఇద్దరూ సముద్రంలో కలిసిపోవడం మనల్ని దిమ్మెరపోయేలా చేస్తుంది. ఏడిపించడం వేరు, దిమ్మతిరిగేలా చేయడం వేరు. ఆ సినిమాలో నిజంగా గుండె పిండే భాగం ఆ ఏడాది. చివరి రీలు లేకపోయినా అది గొప్ప సినిమాగానే మిగిలేది. పైగా ప్రేమ నెగ్గడానికి చావు ఒక దారి అన్న భావాన్ని చూసే పిల్లల మనసుల్లో నాటే ప్రమాదం ఉంది. ‘గీతాంజలి’ పదకొండేళ్ల తర్వాత సరిగ్గా దీనికి ఎదురు నిలబడింది: చావు ఖాయమైన ఇద్దరినీ బతకమని పంపింది.

‘దేవదాసు’ గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను, దాని మీద ఇప్పటికే కావలసినంత రాశారు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన ఆ సినిమా అనగానే జనానికి తాగుడు, ‘జగమే మాయ’ గుర్తొస్తాయి. ఆ మత్తు కళ్ల కోసం రాత్రిపూట షూటింగ్ పెట్టుకున్నామని, నిద్రలేమి తప్ప అందులో మందు లేదని అక్కినేని స్వయంగా చెప్పేవారు. నటనకు దండం పెట్టవలసిందే. కానీ తాగుడు చూసి జాలి కలుగుతుంది, చిరాకూ కలుగుతుంది, కన్నీరు రాదు. కన్నీరు వచ్చేది పోయేలోగా ఒక్కసారి నీ గుమ్మం ముందుకు వస్తానని పార్వతికి ఇచ్చిన మాట దగ్గర. ఆ మాటే ఆ కథలో గడువు. అతను మాట నిలబెట్టుకుంటాడు, ఆమె ఇంటి ముందుకు వస్తాడు, లోపల ఉన్న పార్వతికి వచ్చింది ఎవరో తెలియదు. మనకు తెలుసు. లేచి వెళ్లి చెప్పలేం.

ఇప్పటి సినిమాల మాటకు వస్తే, సెల్‌ఫోన్ వచ్చాక ప్రేమలో ఎడబాటు లేకుండా పోయింది, అందుకే ప్రేమకథలు చచ్చిపోయాయని మా రంగంలో చాలామంది అంటారు. ఇది సోమరి వాదన. దూరం కిలోమీటర్లలోనే ఉండాలని ఎవరు చెప్పారు? ఒకే ఇంట్లో ఉండి ఏళ్లతరబడి మాట్లాడుకోని మొగుడూపెళ్లాలు లేరా? రచయితలు కొత్త గడువులు వెతకడం మానేశారు, అంతే. వెతికినవాళ్లకు దొరికింది కూడా. 2022లో హను రాఘవపూడి తీసిన ‘సీతారామం’లో 1965లో రాసిన ఉత్తరం ఇరవై ఏళ్లు ఆలస్యంగా 1985లో చేరుతుంది. రాసిన మనిషి ఏమయ్యాడో తెలియక సీత ఆ ఇరవై ఏళ్లూ ఎదురుచూసింది. ఉత్తరాల కాలానికి వెళ్లారు కదా అని మీరు అనవచ్చు. వెళ్లారు, కానీ థియేటర్లో ఏడ్చింది ఉత్తరం అంటే ఏమిటో తెలియని ఇరవై ఏళ్ల పిల్లలే. వాళ్లకు ఎదురుచూడటం రాదని మనం అనుకోవడం తప్పని అప్పుడు తేలింది.

ఇంకో సంగతి మీరు రాయలేదు గాని అడుగుతాను. ఆ కొత్త సినిమాలు ఎక్కడ చూశారు? ఫోనులో చూసి, మధ్యలో రెండుసార్లు మెసేజీలకు జవాబిచ్చి ఉంటే నేరం పూర్తిగా దర్శకుడిది కాదు. ఎదురుచూపు మీద నడిచే సినిమాకు ప్రేక్షకుడి ఎదురుచూపు కూడా కావాలి. పది సెకన్లు ముందుకు దూకించే మీట ఉన్నచోట అది కుదరదు. చీకటి హాల్లో పక్కవాడు ముక్కు చీదుకోవడం వినబడితే మనం బిగబట్టుకున్నదీ సడలుతుంది. మీ మిత్రుడు ఏడవకపోవడానికి ఇలాంటి కారణం ఏదైనా ఉండవచ్చు, లేదా ఆయన ఏడుపు ఇంటికెళ్లాక వచ్చే రకం కావచ్చు. దాన్నిబట్టి ఆయన్ని రాతిగుండె అనకండి.

వాదన తెగాలంటే ఒక పని చేయండి. గీతాంజలి అతన్ని వెళ్లిపొమ్మనే సీను మొదట శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. తర్వాత ఫోను బోర్లించి, బొమ్మ చూడకుండా రోహిణి గొంతు మాత్రం వినండి. ఆఖరున మామూలుగా చూడండి. మొదటిసారే కళ్లు చెమరిస్తే మీ మిత్రుడు ఒప్పుకోవలసిందే. చెమర్చకపోతే ఆ సీను ముందున్న గంటన్నరా చూడకుండా నేరుగా అక్కడికి దూకారేమో చూసుకోండి, అలా చూస్తే నాకూ రాదు.